కాకి తన్నిన పూట

సుప్రజకు కెమెరా పట్టుకోవడం నేర్పింది నేనే. గొప్పకు చెప్పడం లేదు. నంద్యాలలో పెళ్లి ఫోటోల స్టూడియో నడిపేవాడికి గొప్పలెక్కడివి? డిగ్రీ చదివే రోజుల్లో ఆ పిల్ల ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి, కాలేజీ వదలగానే నా షాపులో చేరేది. "వెంకటేషన్నా, ఈ లెన్సు ఏం చేస్తాది? ఆ లైటు ఆడెందుకు పెట్టినావు?" అని తల తినేది. విసుక్కున్నా పోయేది కాదు. చివరికి విసుక్కోవడం మానేసి పెళ్లిళ్లకు వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టాను.

ఆడవాళ్ల మధ్య నేను పోలేని చోటికి ఆమె పోయేది. మా పనిలో అప్పగింతలు ముఖ్యం. పిల్లను అత్తవారి చేతిలో పెట్టేటప్పుడు తల్లి ఏడవాలి, ఆ ఏడుపు ఆల్బంలో పడాలి. పడకపోతే పెళ్లివారు ఊరుకోరు. ఏడ్చే ముఖం కనపడితే ముందు నొక్కు, ఆలోచన తర్వాత అని ఈ పనిలో ఉన్నవాళ్లంతా కొత్తవాళ్లకు చెప్పేదే. నేనూ చెప్పాను. ఆమె బాగా నేర్చుకుంది.

కానీ ఆమె మనసు పెళ్లిళ్లలో లేదు. రైసు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను ఒకసారి ఫోటోలు తీసి తెచ్చి చూపించింది. కనురెప్పల మీద తవుడు దుమ్ము, దాని కింద నవ్వే కళ్లు. "ఇది పెళ్లి ఫోటో కాదు కదమ్మా, ఎవరు కొంటారు?" అన్నాను. "కొనేదానికి కాదన్నా, చూసేదానికి," అంది.

నంద్యాల జిల్లా అయింది. కలెక్టరు ఆఫీసు వచ్చింది, దాని వెనకే యూట్యూబ్ చానెళ్లు వచ్చాయి. ఒక సెల్‌ఫోను, ఒక మైకు, ఆ మైకుకు ఒక రంగు తొడుగు ఉంటే చాలు, చానెలే. అలాంటి ఒక చానెల్లో సుప్రజ వార్తలు పంపే మనిషిగా చేరింది. ఫోటో తానే, వీడియో తానే, రాసేది తానే, చదివేదీ తానే. చానెల్ నడిపే శేఖర్ మాత్రం నిమిషం దాటిన వీడియోను ముట్టుకోడు. "ఎవరైనా ఏడ్చల్ల, లేకుంటే ఎవరైనా కొట్టుకోవల్ల. అంతే సుప్రజా," అనేవాడు. స్టాఫ్ రిపోర్టర్‌ని చేస్తానని, మెడలో కార్డు వేస్తానని ఊరించేవాడు. ఆ కార్డు కోసం ఆ పిల్ల ఎండల్లో ఎన్ని ఊళ్లు తిరిగిందో!

ఆమె తల్లి హేమలత ఆళ్లగడ్డలో రవికెలు కుడుతుంది. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఇంట్లో ఇద్దరే. హేమలతను మీరు చూడాలి. పైట సర్దుకోకుండా గడప దాటదు, వీధిలో గొంతు పెంచదు. కష్టం వచ్చినా పక్కింటి పద్మ తప్ప ఎవరికీ తెలియనివ్వదు. "ఏందీ ఈ తిరుగుడు, ఇది ఉద్యోగమేనా?" అని కూతురి మీద గొణిగేదే గానీ, కూతురి వీడియో వచ్చిందంటే మిషను ఆపి, పద్మను పిలిచి మరీ చూసేది.

వాటిలో బాగా పేరు తెచ్చింది లక్ష్మీనారాయణ గారి మీద తీసిన వీడియో. ఆయనది ఉయ్యాలవాడ. చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, అడుగులు వేస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే ఆ భజనను చుట్టుపక్కల ఊళ్లలో ఆయన దగ్గర నేర్చుకోనివాళ్లు తక్కువ. వరసకు హేమలతకు పెదనాయన కొడుకు. అంటే సుప్రజకు మేనమామే. ఆయన వీడియో చూసి శేఖర్ కూడా, "బాగుందిగానీ పొడుగు," అని ఒప్పుకున్నాడు. శేఖర్ నోట అది సన్మానమే.

ఆ లక్ష్మీనారాయణ గారిని ఒక పొద్దున కాకి తన్నింది.

పెరట్లో ముఖం కడుక్కుంటుంటే వచ్చి నడినెత్తిన తన్ని పోయింది. మా సీమలో దీనికొక పద్ధతి ఉంది. కాకి తలను తాకితే చావు తాకినట్టని భయం. అందుకని మనిషి పోయాడని రక్తసంబంధీకులకు కబురు పంపుతారు. వాళ్లు నిజమనుకొని ఏడుస్తారు. ఆ ఏడుపుతో ఆ చావు తీరిపోయిందని లెక్క. వెంటనే, ఏమీ కాలేదు, కాకి తన్నింది, అని రెండో కబురు పోతుంది. ఏడ్చినవాళ్లే తిట్టి, నవ్వి, కళ్లు తుడుచుకుంటారు. ముందే తెలిస్తే ఏడుపు రాదు కాబట్టి ఎవరికీ చెప్పరు. వెనకటికి మనిషిని పంపేవాళ్లు, ఇప్పుడు ఫోను.

లక్ష్మీనారాయణ భార్య రామలక్ష్మమ్మ పట్టుబట్టి కొడుకు మహేష్ చేత ఫోన్ చేయించింది. అన్నకు ఆయుష్షు పెరగాలంటే చెల్లెలే ఏడవాలి కదా. ముందు హేమలతకే చేశాడు.

"అత్తా, నాయన పోయినాడు," అని పెట్టేశాడు.

హేమలత మిషను ముందే కూలబడిపోయింది. ఆ మనిషి అలా ఏడవగలదని ఎవరూ అనుకోరు. జుట్టుముడి ఊడిపోయింది, పైట జారింది, "అన్నా, అన్నా," అంటూ గుండెలు బాదుకుంది. లోపలి నుంచి సుప్రజ పరుగెత్తుకొచ్చింది. విషయం అర్థమైంది. ఆమెకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, అది అబద్ధం కాదు. కానీ చేతిలో ఫోన్ ఉంది. చెయ్యి తన పని తాను చేసింది.

తల్లి ఏడుపు వీడియో తీసింది. తర్వాత తల్లిని పద్మకు అప్పజెప్పి, "నేను ముందు పోతా, నువ్వు పద్మక్కతో రా," అని చెప్పి బస్టాండుకు పరుగుతీసింది. ఉయ్యాలవాడ మీదుగా కోయిలకుంట్ల పోయే బస్సు ఎక్కింది. పాత వీడియో ముక్కలు ఫోన్లోనే ఉన్నాయి. ఆయన భజన, ఆయన నవ్వు, వాటి పక్కన తల్లి ఏడుపు. బస్సులోనే కూర్చి శేఖర్‌కు పంపడం మొదలుపెట్టింది. ఆ మధ్యలో తల్లి ఫోన్ చేసింది. ఫోన్ వచ్చినప్పుడల్లా వీడియో పోవడం ఆగిపోతోంది. కట్ చేసింది. తల్లి మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేసింది. అన్నను తలుచుకొని ఏడవడానికి చేస్తోంది, ఎట్లాగూ ఇంకాసేపట్లో కలుస్తాం కదా అనుకుంది.

హేమలత చేసింది ఏడవడానికి కాదు. మహేష్ రెండో కబురు అప్పటికే చెప్పేశాడు. "కాకి తన్నిందిలే అత్తా. నాయన ఈడే కూసోని టీ తాగుతాండాడు." ఆమె వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, నవ్వి, ఆ సంతోషం కూతురికి చెప్పాలని ఫోన్ మీద ఫోన్ చేసింది.

శేఖర్ ఆలస్యం చేసే మనిషి కాదు. వీడియో నలుపు తెలుపు చేసి, చుట్టూ పూలదండ బొమ్మ పెట్టి, విషాద సంగీతం వేసి, "చెక్కభజన గురువు ఇక లేరు" అని వదిలేశాడు.

సుప్రజ ఉయ్యాలవాడలో దిగి వీధి మలుపు తిరిగింది. ఇంటి ముందు షామియానా లేదు. అరుగు మీద లక్ష్మీనారాయణ గారు కూర్చొని చెక్కలకు నూనె పూస్తున్నాడు.

"ఏం పాపా, చెప్పాపెట్టకుండా వచ్చినావే?" అన్నాడు.

ఆమె అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. బతికున్న మనిషిని చూసినందుకు సంతోషం మొదట వచ్చిందా, భయం మొదట వచ్చిందా అని నేను తర్వాత అడిగాను. "సిగ్గన్నా," అంది. "మొదులు వచ్చింది సిగ్గే. మామ బతికుండాడని సంతోషపడేదానికి కూడా సందు లేకపాయ."

వెంటనే శేఖర్‌కు ఫోన్ చేసి తీసేయమంది. తీసేలోపు అది ఎక్కడెక్కడికో పోయింది. ఉయ్యాలవాడకు ఆటోలు రావడం మొదలైంది. శిష్యులు. గురువును భజనతో సాగనంపాలని చెక్కలు పట్టుకొని, దండలు తీసుకొని వచ్చారు. అరుగు మీద గురువును చూసి నిలబడిపోయారు. సంజామల నుంచి వచ్చిన ఒక పెద్దాయన దండను వీపు వెనక దాచుకొని, "నీళ్లు తాగి పోదామని వచ్చినా సామీ," అన్నాడట. గురువు పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. కానీ ఆ దండలు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. శవానికని తెచ్చినవి దేవుడికి వేయరాదు, ఇంటికి తీసుకుపోరాదు. ఒక్కొక్కరే పోయి ప్రహరీ అవతల పడేసి వచ్చారు.

నవ్వనిది రామలక్ష్మమ్మ ఒక్కతే. ఆటోలు దిగిన ఆడవాళ్లు గురువును చూడకముందే ఆమె మీద పడి ఏడ్చారు. కొందరు ఆమె బొట్టు వంక చూశారు, గాజుల వంక చూశారు. ఆ తర్వాత ఆమె సుప్రజ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేం ఏడ్పించింది మా రక్తాన్ని. ఊరూరా దండలు తెమ్మని నీకెవరు చెప్పినారు మే? నా మొగుడు కండ్ల ముందర ఉండంగా నన్ను పట్టుకోని ఏడ్చిరి. నా గాజులు చూసిరి."

"తప్పయిపోయిందత్తా," అంది సుప్రజ, తల ఎత్తకుండా.

"ఒక్క మాట మహేష్‌ని అడిగింటే నీ సొమ్మేం పోయె?"

ఈ ప్రశ్న నేనూ అడిగాను, ఇంతకంటే గట్టిగా. మర్నాడు స్టూడియోకు వస్తే నోటికొచ్చినట్టు తిట్టాను. "మీ బావ మహేష్‌కు ఒక ఫోన్ చేసి కనుక్కోవడానికి నీకేం రోగం? నువ్వు రిపోర్టరువా, ఇంకేమన్నానా?" అన్నాను. "అమ్మ అట్లా ఏడుస్తాంటే ఇంక కనుక్కునేదేముంటాదన్నా?" అంది. నా కోపం సగానికి దిగింది. నేనైనా కనుక్కునేవాణ్ణి కాదేమో.

గురువు మాత్రం పెద్ద మనసున్నవాడు. "ఇంతమంది ఏడ్చినాక యముడు మా వీధికి రాడులే. నువ్వే మళ్లీ వీడియో తీయి పాపా, నేనుండానని చెప్పు," అని చెక్కలందుకున్నాడు. వచ్చిన శిష్యులంతా గుండ్రంగా నిలబడ్డారు. ఆ భజన సుప్రజ తీసింది. బాగా తీసింది. చివర్లో తానే తెర మీదకు వచ్చి, పొరపాటు నాది, క్షమించండి అని చెప్పింది.

శేఖర్ ఆ క్షమాపణ కోసేశాడు. "పోయాడనుకున్న గురువు తిరిగొచ్చాడు" అని పేరు పెట్టి, ముందు హేమలత ఏడుపు, తర్వాత భజన అంటించి వదిలాడు. అది మొదటిదానికంటే ఎక్కువ మంది చూశారు. "అదృష్టవంతురాలివి సుప్రజా! సచ్చినాడన్న దానికంటే బతికినాడన్నది బాగా పోతాంది," అని పొంగిపోయాడు. ఆ వారమే ఆమె మెడలో కార్డు వేశాడు.

అమ్మ ఏడుపు తీసేయమని ఆమె అడిగింది. చూస్తాలే అన్నాడు. ఆమె గట్టిగా అడగలేకపోయింది. కార్డు వద్దని కూడా అనలేకపోయింది. ఆమెకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇదేనని నాతో చాలాసార్లు అంది. తప్పు తెలియక చేసింది. కార్డు తెలిసి వేయించుకుంది.

ఇంతకీ ఆ మొదటి సాయంత్రం సంగతి చెప్పనేలేదు. ఉయ్యాలవాడ నుంచి ఇంటికి చేరేసరికి హేమలత చీకట్లో మిషను ముందు కూర్చొని ఉంది. లైటు వేసుకోలేదు. పద్మ తన ఫోన్లో అంతా చూపించేసింది.

"మా, పొరపాటయింది. తీసేయమన్నా," అంది సుప్రజ.

హేమలత అరిచింది కాదు, తిట్టింది కాదు.

"నువ్వొచ్చి పట్టుకుంటావనుకుంటి. చెయ్యి సాచితి. నీ చేతిలో ఫోనుండె."

అంతే. లేచి కూతురికి అన్నం పెట్టింది.

ఆ మాట విన్నాక సుప్రజ ఆ వీడియో మళ్లీ చూడలేదు. నా దగ్గర తిట్లు తిన్న రోజున మాత్రం, "అన్నా, పెద్ద తెర మీద ఒకసారి వెయ్యి," అంది. వేశాను. హేమలత ఏడుస్తూ ఏడుస్తూ కెమెరా వైపు చెయ్యి చాచింది. చూసేవాళ్లకది దేవుణ్ణి అడుగుతున్నట్టుంటుంది. ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి బొమ్మ కొంచెం వెనక్కి జరిగింది.

"నేనే జరిగినా అన్నా. చెయ్యి మొత్తం పడల్లని," అంది.

పనితనం చూస్తే వంక పెట్టడానికి లేదు. నేను కంప్యూటరు ఆపేశాను.

అంతటితో పోయినా బాగుండేది. వీడియోలు ఒక చోట ఉండవు కదా. హేమలత ఏడుపు ముక్కను ఎవరో కోసుకున్నారు. జీతం పడని రోజు అని ఒకడు, క్రికెట్లో ఓడిపోతే అని ఒకడు, కరెంటు పోతే అని ఇంకొకడు దాని కింద రాసి తిప్పారు. జోకులు. ఆమె ఎవరో, ఎందుకు ఏడ్చిందో వాళ్లకేం తెలుసు? ఆళ్లగడ్డలో కూరగాయలకు పోతే పిల్లలు గుర్తుపట్టి నోరు పెద్దగా తెరిచి వెక్కిరించారు. రవికె కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ, "నీ వీడియో మా కోడలు చూపించింది, భలే నవ్వుకుంటిమి," అంది. హేమలత కొలతలు తీసుకొని పంపింది. ఆ తర్వాత బజారు పని పద్మ చేత చేయించుకోవడం మొదలుపెట్టింది.

సుప్రజ కూర్చొని ఆ పేజీలవాళ్లందరికీ రాసింది. ఆమె మా అమ్మ, దయచేసి తీసేయండి అని. కొందరు తీసేశారు. కొందరు ఆ ఉత్తరాన్నే జోకు చేసి పెట్టారు. నంద్యాల బస్సులో ఎవరి ఫోన్లో ఆ గొంతు వినిపించినా ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. దిగి వేరే బస్సు ఎక్కేది.

పని మానేసిందా అంటే లేదు. మానేస్తానని నాతో అంది. "మానేస్తే మీ అమ్మ బజారుకు పోతుందా?" అన్నాను. పోదని మాకిద్దరికీ తెలుసు. అయితే శేఖర్ దగ్గర ఉండలేదు. కార్డు ఆయన బల్ల మీద పెట్టేసి వచ్చి, ఇప్పుడు ఒక పత్రికకు ఫోటోలు తీస్తోంది. చావు ఇంటికి పంపిస్తే పోతుంది. ముందు బయట నిలబడి ఇంట్లోవాళ్లను అడుగుతుంది. వద్దంటే వట్టి చేతులతో వచ్చి తిట్లు తింటుంది. మంచి ఫోటోగ్రాఫరే. ఇంకా మంచిది కావచ్చు. అది నేను చెప్పగలను, ఎందుకంటే అది నాకు తెలిసిన పని.

ఇంట్లో సంగతి మాత్రం ఎవరూ చక్కదిద్దలేకపోయారు. హేమలత కూతురితో మాట్లాడకుండా ఏమీ లేదు. తిన్నావా అంటుంది, తొందరగా రా అంటుంది. కానీ నోరు తెరిచే ముందు ఆమె కళ్లు ఒకసారి కూతురి చేతుల మీదికి పోతాయి. ఆ చూపు హేమలతకు తెలియకుండానే పోతుందని సుప్రజ అంటుంది. తెలిసి పోయినా ఇంత బాధ ఉండదంటుంది.

మొన్న ఎండాకాలం రామలక్ష్మమ్మ పోయింది. నిద్రలోనే. మహేష్ ఫోన్ చేశాడు. ఈసారి హేమలత నమ్మలేదు. "నిజం చెప్పరా, ఒట్టు పెట్టు," అని మళ్లీ మళ్లీ అడిగింది. అవతల లక్ష్మీనారాయణ గారే ఫోన్ తీసుకొని, "నిజమే చెల్లీ, మీ వదిన పోయింది," అన్నాడు.

ఆ పూట సుప్రజ ఇంట్లోనే ఉంది. ఆమె ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉంది. తల్లి ముఖం చూడగానే అర్థమైంది. రెండు చేతులూ చాచుకుంటూ దగ్గరికి పోయింది.

హేమలత ఆ చేతుల వంక చూసింది. ఖాళీగానే ఉన్నాయని ఆమెకు కనపడుతూనే ఉంది. ఏడుపు బిగబట్టుకొని, గోడ పట్టుకొని, "నువ్వు ఈడే ఉండు తల్లీ," అని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. సుప్రజ అక్కడే నిలబడి చెవి పెట్టి విన్నది. లోపల చప్పుడు లేదు. పక్కింటికి పోయి చెప్పింది. పద్మ పరుగెత్తుకొచ్చింది.

పద్మ లోపలికి పోయి గడియ పెట్టిన తర్వాతగానీ ఆ గదిలోంచి ఏడుపు వినిపించలేదు.